మంచమెక్కిన మనసు



ఏ వారపత్రిక తిరగేసినా ఈ బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు మీ కంట పడే ఉంటుంది. ఒక పొడుగాటి సోఫా. దాని మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తూ ఏదో చెప్పుకుపోతున్న మనిషి. తలాపున కుర్చీలో గడ్డమూ, కళ్లద్దాలూ, చేతిలో నోటుపుస్తకమూ పెట్టుకున్న డాక్టరు. కింద ఒక వాక్యం జోకు. చదువుతాం, నవ్వుకుంటాం, పేజీ తిప్పేసి వంటల శీర్షికకు వెళ్లిపోతాం.

మా బేతంచెర్లలో పక్కింటి అక్క ఒకసారి ఆ బొమ్మ చూసి, "ఏమ్మా, ఈయప్పకు పండుకోనీకి ఇంట్లో మంచం లేదా? డాక్టరు దగ్గరికి పొయ్యి పండుకున్యాడే!" అంది. నేను నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే అది చాలా తెలివైన ప్రశ్న అనిపించింది. అవును మరి, జ్వరం కాదు, కాలు విరగలేదు. ఎందుకు పడుకోవాలి? ఈ వైద్యాన్ని చూసి లోకమంతా వందేళ్లుగా ఎందుకు నవ్వుతోంది? ఆ నవ్వులో న్యాయమెంత? ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం. మధ్యలో ఒక బొమ్మల పుస్తకం గురించీ చెబుతాను.

ముందు ఆ మంచం సంగతి. సిగ్మండ్ ఫ్రాయిడ్ అనే వియన్నా డాక్టరుకు 1890 ప్రాంతంలో, జబ్బు నయమైన ఒకావిడ కృతజ్ఞతగా ఇచ్చిన కానుక అది. దాని మీద ఒక పర్షియన్ తివాచీ పరిచాడు. ఇప్పటికీ లండన్‌లో ఆయన చివరి రోజులు గడిపిన ఇంట్లో దాన్ని భద్రంగా ఉంచారు. మనిషిని పడుకోబెట్టి తను వెనకాల కూర్చోడానికి ఫ్రాయిడ్ చెప్పిన కారణాల్లో ఒకటి వింటే మీకు ఆయన మీద కాస్త ప్రేమ పుడుతుంది. రోజుకు ఎనిమిది గంటలపాటు ఎదుటివాళ్లు తన మొహంలోకి చూస్తూ కూర్చుంటే భరించలేనన్నాడాయన. పిల్లలు, మామగారు, పాలవాడు, చీటీల ఆవిడ అందరూ రోజంతా మన మొహంలోకే చూస్తూ ఉంటే మనకెలా ఉంటుందో ఆయనకూ అలాగే ఉందన్నమాట.

పడుకున్న మనిషి చేయవలసిన పని ఒక్కటే. మనసులో ఏది వస్తే అది, వరసా వావీ చూడకుండా, సిగ్గుపడకుండా చెప్పుకుపోవాలి. కల రావచ్చు, చిన్నప్పటి దెబ్బ గుర్తు రావచ్చు, ఉన్నట్టుండి ఎవరి పేరో నోట్లోంచి జారిపోవచ్చు. మనం మరిచిపోయామనుకున్నది నిజంగా పోదు, అడుక్కు దిగి అక్కడి నుంచి మనల్ని ఆడిస్తుందని ఫ్రాయిడ్ సిద్ధాంతం. వారానికి ఐదారు రోజులు, రోజుకు దగ్గర దగ్గర గంటసేపు, నెలలు, ఏళ్లు. దీనికే సైకోఅనాలిసిస్ అని పేరు. తెలుగులో మనోవిశ్లేషణ అంటున్నారు.

మా ఊరివాళ్లకు ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. బేతంచెర్ల అంటే మీకు బండలు గుర్తొస్తాయి. ఇప్పుడు మాది నంద్యాల జిల్లా, 2022 నుంచి. మీ ఇంట్లో గచ్చు మీద నడుస్తున్నారంటే మా ఊరి భూమి మీద నడుస్తూ ఉండవచ్చు. మాకు దగ్గర్లోనే బిల్లసర్గం గుహలున్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త 1880లలో కొడుకుతో కలిసి ఆ గుహల నేల తవ్వించాడు. పైన మట్టి, దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. ఏ కాలానివో జంతువుల ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. పైన మేకలు తోలుకునేవాళ్లకు కింద ఇంత కథ ఉందని ఏం తెలుసు! మనసు కూడా అట్లాగే పొరలు పొరలుగా ఉంటుందని ఫ్రాయిడ్ అనేవాడు. పాత తవ్వకాల వస్తువులంటే ఆయనకు పిచ్చి. రెండు వేలకు పైగా పోగు చేశాడు. ఆయన డెబ్బై ఐదో పుట్టినరోజుకు 1931లో కలకత్తా నుంచి ఒక దంతపు విష్ణుమూర్తి వెళ్లింది. దాన్ని ఎంతో ఇష్టంగా తన బల్ల మీదే పెట్టుకున్నాడు.

ఇక్కడ మనం గర్వంగా చెప్పుకోవలసింది ఒకటుంది. ఈ మాటల వైద్యానికి పేరు పెట్టింది డాక్టరు కాదు, ఒక ఆడపిల్ల. బెర్తా పాపెన్‌హైమ్ అని, వియన్నాలో కలిగినవాళ్ల అమ్మాయి. 1880లో తండ్రి మంచాన పడితే రాత్రిళ్లు కూర్చుని సేవ చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటో ఏడు. ఆ రాత్రుల్లోనే ఆమెకు చేయి పడిపోయింది, విడవని దగ్గు పట్టుకుంది, చివరికి తన సొంత భాషే మరిచిపోయి ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడసాగింది. బ్రాయర్ అనే డాక్టరు రోజూ వచ్చి ఆమె చెప్పింది చెప్పినట్టు వినేవాడు. ఏ బాధ ఎక్కడ మొదలైందో చెప్పుకున్నాక అది కాస్త తగ్గేది. దీన్ని ఆమె మాటల వైద్యం అంది. సరదాగా ఇంకో పేరు కూడా పెట్టింది. పొగగొట్టం దులపడం! కట్టెల పొయ్యి మీద వండిన వాళ్లకు ఆ పేరు ఎంత బాగా అతికిందో చెప్పనక్కర్లేదు. మసి లోపలే పేరుకుంటే పొగ ఇంట్లోకే వస్తుంది.

1895లో వచ్చిన పుస్తకంలో ఆమెకు నయమైపోయినట్టు రాశారు. తర్వాత చరిత్రకారులు తవ్వితే, 1882లో ఆ వైద్యం ముగిసిన వెంటనే ఆమె ఒక శానిటోరియంలో చేరినట్టు కాగితాలు దొరికాయి. అంటే మొట్టమొదటి కేసే అంత సాఫీగా లేదు. ఆమె మాత్రం ఆ తర్వాత లేచి నిలబడింది. 1904లో జర్మనీ యూదు మహిళల సంఘం పెట్టి, దిక్కులేని ఆడపిల్లల కోసం జీవితమంతా పని చేసింది. వైద్యం గొప్పదా, ఆమె గొప్పదా అని అడిగితే నేను ఆమె వైపే ఓటు వేస్తాను.

మన దేశంలో ఈ విద్యకు పీఠం వేసినవాడు కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టరు. 1922లోనే సంఘం స్థాపించాడు. ఆయన ఫ్రాయిడ్‌ను ఎన్నడూ చూడలేదు. ఫ్రాయిడ్ ఇలా ఉంటాడేమోనని ఊహించి జతీంద్రకుమార్ సేన్ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి, దాన్ని ఫ్రాయిడ్‌కే పంపించాడు! బొమ్మ చాలా బాగుంది, ఉన్న మనిషికంటే మరీ బాగుందన్నట్టుగా ఫ్రాయిడ్ జవాబు రాశాడు. తమాషా ఏమిటంటే ఆ సేన్ గారు హాస్యకథలకు బొమ్మలు వేయడంలో సుప్రసిద్ధుడు. ఆ కథలు రాసిన 'పరశురామ్' ఎవరో కాదు, గిరీంద్రశేఖర్ గారి సొంత అన్న రాజశేఖర్ బోస్. తమ్ముడు మనసులకు వైద్యం చేస్తుంటే, అన్న డాక్టర్లనూ వైద్యుల్నీ ఒక కథలో వరసపెట్టి ఆటపట్టించాడు. ట్రాము దిగబోయి పడ్డవాడు ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరుకు తిరిగి తిరిగి చివరికి ఒక లేడీ డాక్టరును పెళ్లి చేసుకుంటాడు. ఒకే ఇంట్లో వైద్యమూ, వెక్కిరింతా రెండూ అన్నం తిన్నాయన్నమాట.

మన తెలుగులోకి ఫ్రాయిడ్ నవ్వుతూ రాలేదు. ఆకాశవాణిలో ఉద్యోగం చేసిన బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది' నవలలో దయానిధి తల్లి జ్ఞాపకంతో పడే యాతన మీకు తెలిసిందే. అందులో నవ్వడానికి చోటు తక్కువ. బొమ్మలతో నవ్వించిన పుస్తకం అంటే మనకు 1950లలో ముళ్లపూడి వెంకటరమణ గారు రాయగా బాపు గారు గీసిన 'బుడుగు'. అందులో సైకాలజీ పేరు ఎక్కడా ఎత్తరు గానీ, పిల్లల మనస్తత్వం గురించి గడ్డాలవాళ్లు చెప్పేదంతా ఆ కుర్రవాడు ఒక్క పేజీలో తిరగేసి చూపించేస్తాడు.

సరిగ్గా ఆ తిరగేసే పనే చేసిన అమెరికా పుస్తకం ఒకటుంది. పేరు రేడియోలో చదవాల్సి వస్తుందని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. 'సెక్స్ అవసరమా?' అని దాని పేరు. కంగారు పడకండి, అందులో పిల్లలకు కనబడకుండా దాచవలసిందేమీ లేదు. జేమ్స్ థర్బర్, ఇ.బి. వైట్ అని 'న్యూయార్కర్' పత్రికలో ఒకే గదిలో పనిచేసిన ఇద్దరు మిత్రులు 1929 నవంబరులో అచ్చు వేయించారు. వైట్ అదే నెలలో పెళ్లి కూడా చేసుకున్నాడు. ధైర్యవంతుడే.

ఆ రోజుల్లో అమెరికాలో ఫ్రాయిడ్ పేరు చెప్పుకుని దాంపత్యం మీద పుస్తకాలు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. ప్రతిదానిలో ఎవరో ఒక డాక్టరు, ఫలానా రోగి కేసు, నోరు తిరగని పేర్లు, పేజీ కింద ఫుట్‌నోట్లు. వీళ్లిద్దరూ ఆ వేషం మొత్తం తొడుక్కున్నారు. లేని డాక్టర్లను ఇద్దర్ని పుట్టించి, వాళ్ల ఉవాచలు అతి గంభీరంగా ఉదహరించారు. మగవాడు ఆడదాన్ని ఎత్తైన దిమ్మె మీద నిలబెట్టి దణ్ణం పెట్టడం ఒక జబ్బని తేల్చి దానికో శాస్త్రీయ నామం పెట్టారు. మగవాడి దృష్టి మళ్లించడానికి ఆడవాళ్లు మిఠాయి చేయడం కనిపెట్టారని ఇంకో పరిశోధన. పాలకోవా లాంటి ఆ మిఠాయి కలుపుతూ కూర్చుంటే ప్రేమ కబుర్లకు సమయం ఎక్కడ! పెద్దవాళ్లు పువ్వులూ పిట్టలూ అని తప్ప అసలు విషయం చెప్పకుండా పిల్లను కాపురానికి పంపితే ఏమవుతుందో ఒక అధ్యాయం. అది చదువుతూ నవ్వినా, మన ఇళ్లల్లోనూ అంతే కదా అని గుండెలో ఎక్కడో చురుక్కుమంది. అన్నిటికంటే నాకు నచ్చింది వైట్ రాసిన అధ్యాయం. పిల్లలకు తల్లిదండ్రులు ఏం చెప్పాలి అని అందరూ రాస్తుంటే, తల్లిదండ్రులకు పిల్లలు ఏం చెప్పాలి అని ఆయన రాశాడు. బుడుగుకు అక్కడొక అన్న ఉన్నాడన్నమాట.

బొమ్మలు థర్బర్‌వి. ఆయన పెన్సిలుతో ఏవో గీతలు గీసి చెత్తబుట్టలో పడేస్తుంటే, వైట్ ఏరి, సిరాతో దిద్ది, దాచాడట. పుస్తకం కోసం ఆ కాగితాలు ప్రచురణకర్త ఆఫీసులో నేల మీద పరిస్తే, "ఇవి ఆర్టిస్టుకు చూపించే చిత్తు నమూనాలా?" అన్నారు వాళ్లు. కాదు, ఇవే బొమ్మలన్నాడు వైట్. ఎముకలు లేనట్టుండే మనుషులు. గుండ్రాయిలాంటి ఆడవాళ్లు, వాళ్ల నీడలో నక్కి నక్కి ఉండే బక్క మగవాళ్లు. కాల్చకముందు బిస్కట్టు ముద్దల్లా ఉంటారని డొరొతీ పార్కర్ అనే రచయిత్రి వర్ణించింది. ఒక బొమ్మలో మొగుడు సాయంత్రం ఇంటికి వస్తుంటే, ఆ ఇల్లే వెనకవైపున కోపంగా చూస్తున్న పెళ్లాం మొహమై ఉంటుంది. మా ఇంటాయన ఆ బొమ్మ చూసి ఎందుకంతసేపు నవ్వారో నేను అడగలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఈ హాస్యమంతా మగవాళ్ల వైపు నుంచి వచ్చిందే. థర్బర్ మొదటి కాపురం సఖ్యంగా లేదు. 1935లో విడాకులయ్యాయి. ఆ చిరాకు గీతల్లోకి దిగిందేమో. అదే మనం గీస్తే ఇల్లు ఎవరి మొహంలా ఉండేదో!

థర్బర్ అక్కడితో ఆగలేదు. 1937లో 'నీ మనసును దాని మానాన వదిలెయ్' అనే అర్థం వచ్చే పేరుతో ఇంకో పుస్తకం వేశాడు. మనసును ఇలా దిద్దుకోండి, అలా పదును పెట్టుకోండి అని ఊదరగొట్టే పుస్తకాలకు అది జవాబు. ఈ గందరగోళపు లోకంలో అదుపులో పెట్టిన మనసుకంటే చిందరవందర మనసే బాగా నెగ్గుకొస్తుందని ఆయన వాదం. మన పత్రికల్లోనూ వచ్చేవి కదా, పది ప్రశ్నలకు జవాబులు రాసి మార్కులు వేసుకోండి, మీ కాపురం ఎలాంటిదో తెలుస్తుందని? నేనూ ఒకసారి వేసుకున్నాను. నలభైకి పదకొండు వచ్చాయి. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడడం తప్ప వేరే ఉపద్రవమేమీ జరగలేదు.

ఇక నన్ను చాలాకాలం వదలని కథ ఒకటి. 1939లో రాసి, మరుసటి ఏడు బొమ్మలతో పుస్తకంలో చేర్చాడు. ఒకాయన పొద్దున్నే కోడిగుడ్డు తింటూ కిటికీలోంచి చూస్తే, పెరటి తోటలో బంగారు కొమ్మున్న తెల్ల గుర్రం గులాబీలు మేస్తోంది. ఒంటికొమ్ము గుర్రం! పరుగున వెళ్లి పెళ్లాన్ని లేపాడు. అలాంటి జంతువు కథల్లో తప్ప ఉండదు పొమ్మందామె. ఆయన తోటలోకి వెళ్లి దానికో పువ్వు తినిపించి వచ్చి మళ్లీ చెప్పాడు. నీకు పిచ్చి, నిన్ను ఆసుపత్రిలో పెట్టిస్తానంది. ఆయన బయటికి వెళ్లగానే పోలీసులకూ, మనసు డాక్టరుకూ ఫోను చేసింది. వాళ్లొచ్చారు. మా ఆయన తోటలో ఒంటికొమ్ము గుర్రాన్ని చూశాడట, దాని కొమ్ము బంగారమట అని కళ్లు మెరిపిస్తూ ఆమె చెబుతుంటే డాక్టరు పోలీసుల మొహం చూశాడు, పోలీసులు డాక్టరు మొహం చూశారు. ఇంకేముంది, ఆమెనే పట్టుకుని కట్టేశారు. అప్పుడే మొగుడొచ్చాడు. మీరు ఒంటికొమ్ము గుర్రాన్ని చూశానని ఆమెతో చెప్పారా అని అడిగితే, అబ్బే, అది కథల్లో జంతువు కదండీ అన్నాడు. ఆమెను తీసుకుపోయారు. ఆయన హాయిగా ఉన్నాడు.

మొదటిసారి చదివినప్పుడు విరగబడి నవ్వాను. రెండోసారి నవ్వు సగంలో ఆగింది. కారణం మా పక్కింటి అక్క కూతురు. రెండో కాన్పు తర్వాత ఆ పిల్ల మాట్లాడడం మానేసింది. పసిబిడ్డ ఏడుస్తున్నా గోడ వైపు తిరిగి పడుకునేది. గాలి సోకిందన్నారు. దారాలు కట్టించారు, మొహాన నీళ్లు కొట్టారు. అత్తింటివాళ్లు, పిచ్చిదాన్ని అంటగట్టారు, కాగితాల మీద సంతకం పెట్టించుకుపొండి అని కబురు పంపారు. ఏడు నెలలు గడిచాక ఎవరో చెబితే కర్నూలులో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన మంచమూ వేయలేదు, కలలూ అడగలేదు. కాన్పు తర్వాత కొందరికి ఇలాంటి దిగులు జబ్బు వస్తుంది, తగ్గుతుంది అని మందులిచ్చాడు, తల్లిని కూర్చోబెట్టి అరగంట మాట్లాడాడు. కొన్ని నెలలకు పిల్ల మనిషయింది.

ఇది చెప్పడం ఎందుకంటే, సోఫా బొమ్మ చూసి చూసి మనలో చాలామందికి మనసు డాక్టరంటే ఆ గడ్డం మనిషే అనే అభిప్రాయం పడిపోయింది. సైకియాట్రిస్టు వేరు. అందరు డాక్టర్లలాగే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మనసు జబ్బుల్లో శిక్షణ పొందినవాడు. మందులిస్తాడు. సైకాలజిస్టు మందులివ్వడు, పరీక్షలు చేసి, మాట్లాడి దారి చూపిస్తాడు. ఫ్రాయిడ్ పద్ధతిలో ఏళ్ల తరబడి పడుకోబెట్టి తవ్వేవాళ్లు వీళ్లలో బహు కొద్దిమంది. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో చాలా సంగతులు తర్వాతి శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు కూడా. థర్బర్ వెక్కిరించింది ఆ గొప్పలను. వైద్యం కావలసిన మనిషిని కాదు. ఆ రెంటినీ కలిపేసి నవ్వితేనే చిక్కు.

ఇంకో చిక్కు పిచ్చి అనే మాట. థర్బర్ కథలో దాన్ని మొదట విసిరింది పెళ్లాం. మన దగ్గర ఎక్కువగా అటువైపు నుంచే వచ్చి పడుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. 1976లో దాన్ని సవరించారు. జబ్బు పేరు ఉంటే చాలదు, దానితో కాపురం చేయడం సాధ్యం కానంత తీవ్రంగా ఉందని రుజువు చేయాలి. 2013లో మన ఆంధ్రప్రదేశ్ దంపతుల కేసే సుప్రీంకోర్టుకు వెళ్లింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉంది కనుక విడాకులు ఇప్పించండన్నాడు భర్త. ఇద్దరూ డాక్టర్లే! మందులతో అదుపులో ఉండే జబ్బును సాకుగా పెట్టుకుని భార్యను వదిలించుకోవడం కుదరదని, కాపురానికి తెచ్చుకోవలసిందేనని కోర్టు చెప్పింది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా కొన్ని మాటలు స్పష్టం చేసింది. కుటుంబం విలువలకో, ఊరి పద్ధతులకో ఎదురు నిలిచినంత మాత్రాన మనిషికి మానసిక జబ్బు ఉందని నిర్ణయించకూడదు. ఎప్పుడో వైద్యం చేయించుకున్నారు కనుక ఇప్పుడూ జబ్బు ఉన్నట్టే అనకూడదు. ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే ఈ సంగతులు గుర్తుంటే మంచిది.

డాక్టరు దాకా వెళ్లడానికి జంకేవాళ్లకు 2022 నుంచి టెలి మానస్ అని ప్రభుత్వ ఫోను సేవ ఉంది. నంబరు 14416. డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు, రాత్రీ పగలూ ఉంటుంది. మీకు కాకపోయినా, గోడ వైపు తిరిగి పడుకున్న మీ మరదలికో, పక్కింటి అమ్మాయికో పనికి రావచ్చు, రాసి పెట్టుకోండి.

మొన్న ఆదివారం కంది బేళ్లు చెరుగుతూ ఒంటికొమ్ము గుర్రం కథను పక్కింటి అక్కకు చెప్పాను. కూతురు కూడా అక్కడే కూర్చుని ఉంది, చంటిదానికి జడ వేస్తూ. నవ్వుతారనుకున్నాను. అక్క నవ్వలేదు. చేట పక్కన పెట్టి కాసేపు ఆలోచించింది.

"ఆయమ్మ మాట ఇనలేదు, మొగున్ని అడిగినారు, సరే. అంతమంది పోలీసోళ్లు, డాక్టరు వచ్చినారు గదా. ఒక్కరన్నా ఆ తోటలోకి పొయ్యి చూసినారా?" అంది. "గుర్రం గులాబీలు తినింటే చెట్లు చూస్తే తెల్సదా!"